కిందికి లాగేది ఎవరు?

ప్రసూతి వార్డు పనికి కొత్తగా వచ్చే ఆడపిల్లలు నన్ను తరచుగా ఒకటే అడుగుతారు, "రక్తం చూస్తే మీకు భయం వేసేది కాదా?" అని. వేసేది కాదు. రక్తం కంటికి కనిపిస్తుంది. కనిపించేదానికి ఏదో ఒకటి చేయవచ్చు. ముప్పయ్యేళ్ల పైచిలుకు నర్సు పనిలో నన్ను నిజంగా భయపెట్టింది నా నోటి నుంచే వచ్చిన ఒక మాట. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. ఆ మాట గురించీ, దాని వెంటపడి నేను పుంగనూరుకూ కుప్పానికీ తిరిగిన తిరుగుడు గురించీ రాస్తాను. నా జీతం ఎప్పుడు పెరిగిందో, హోదా ఎప్పుడు మారిందో మీకు పనికిరాదు. ఇది పనికొస్తుంది.

నిలబడే ఉండేవాళ్లు

మదనపల్లెలో మాది చిన్న మిషన్ ఆస్పత్రి. ఇప్పుడు ఆ కట్టడం కూడా లేదు. దాని పక్క పేటలోనే పుట్టాను, దాని బడిలోనే చదివాను, అక్కడే పని నేర్చుకున్నాను. బి.కొత్తకోట, సదుం, చౌడేపల్లె దిక్కుల నుంచి పొద్దున్నే ఆడవాళ్లు వచ్చి వరండాలో రాతి తిన్నె మీద కూర్చునేవాళ్లు. ఎప్పుడు చూసినా వాళ్లలో ఇద్దరో ముగ్గురో కూర్చునేవాళ్లు కారు. తిన్నె ఖాళీగా ఉన్నా గోడకు ఆనుకుని, కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి నిలబడేవాళ్లు. ఏమైందంటే నడుము నొప్పి అనేవాళ్లు.

లోపల పడుకోబెట్టి చూస్తే తెలిసేది. గర్భసంచి తన చోటు వదిలి కిందికి జారి ఉండేది. కొందరికి ద్వారం దాకా, కొందరికి పూర్తిగా బయటికి. పాత చీర చింపి గోచీలాగా బిగించి దాన్ని ఆపుకునేవాళ్లు. యుద్ధంతో బట్ట దొరకని కాలం అది. కట్టుకోవడానికే చీర లేనివాళ్లకు చింపుకోవడానికి ఎక్కడిది? కొందరు గోనెపట్టా వాడేవాళ్లు. ఆ ఒరిపిడికి లేచిన పుండ్లు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటాయి. ఏళ్ల తరబడి అట్లా బతికి, మొగుడికి కూడా చెప్పనివాళ్లు ఉన్నారు. దాని పేరు ఎవరూ నోటితో పలికేవాళ్లు కారు. "అది దిగింది నర్సమ్మా" అని గోడకేసి చూస్తూ చెప్పేవాళ్లు.

డాక్టరమ్మ నేర్పిన ప్రశ్న

మా డాక్టరమ్మ అరవదేశం మనిషి. తెలుగు గబగబా మాట్లాడేది, కోపం వస్తే మాత్రం అరవంలోకి పోయేది. ఇట్లాంటి మనిషి వస్తే మొదట అడగాల్సింది "ఎన్ని కాన్పులు?" అని ఆమే నాకు నేర్పింది. గర్భసంచిని కింద నుంచి కండ మోస్తుంది, పక్కల నుంచి పట్టీలు పట్టుకుంటాయి. కాన్పు కాన్పుకూ అవి సాగుతాయి. దారి తెరుచుకోక ముందే మంత్రసాని ముక్కమని తొందరపెడితే, బిడ్డ గంటల తరబడి ఇరుక్కుంటే, కని మూడో రోజే గంప నెత్తికెత్తుకుంటే, సాగినవి మళ్లీ బిగుసుకోవు.

నూటికి తొంభై మందికి జవాబు అక్కడే దొరికేదని నాకు అనిపించేది. అట్లా దొరికేకొద్దీ ఆ ప్రశ్న మీద నాకు నమ్మకం పెరిగింది. చివరికి ఎదుటి మనిషి నోరు తెరవక ముందే జవాబు నాకు తెలిసిపోయినట్టు అడగడం మొదలుపెట్టాను. పని రానప్పుడు భయపడుతూ జాగ్రత్తగా ఉంటాం. పని వచ్చేసిందనుకున్న మూడో నాలుగో ఏట చేసే తప్పులే ఘోరమైనవి.

అక్కులమ్మ

ఒకరోజు డాక్టరమ్మ కష్టమైన కాన్పు చూడ్డానికి బి.కొత్తకోట పోయింది. ఆ రోజు వచ్చింది అక్కులమ్మ. పంతొమ్మిదేళ్లుంటాయేమో. పొడుగ్గా, సన్నగా ఉండేది. పెళ్లయి నాలుగేళ్లు, పిల్లలు లేరు. ఆమె అత్త పాపక్క కుప్పం దగ్గర పల్లె నుంచి, చౌడేపల్లె దగ్గర ఉన్న కోడలి పుట్టింటి మీదుగా, మా దగ్గరికి పిలుచుకొచ్చింది.

అత్తను తెర అవతల ఉండమని, పిల్లను లోపలికి తీసుకుపోయాను. దగ్గుతుంటే లోటాతో నీళ్లిచ్చాను. లోటా పట్టుకున్న వేళ్లు వెనక్కి వంగిపోయాయి. మామూలు మనిషికి వంగని వైపుకు, విల్లులాగా. నేను చూపు తిప్పుకున్నాను. అక్కడే ఆగి ఇంకోసారి చూడాల్సింది.

పడుకోబెట్టి చూస్తే గర్భసంచి మూతి బయటికి వచ్చి ఉంది.

"ఎన్ని కాన్పులు?"

"ఒగటీ లేదు నర్సమ్మా. దానికే కదా మాయత్త పిల్చుకోనొచ్చింది."

"ఎప్పుడన్నా కడుపు పోయిందా?"

"నిలిస్తే కదా పోయేదానికి."

"చూడు పాపా, కాన్పు కానిదే ఇది ఇట్లా దిగదు. పెళ్లికి ముందు ఏమన్నా జరిగుంటే చెప్పు. అబద్ధం చెబితే మందెట్లా ఇచ్చేది?"

ఆ పిల్ల మోచేతుల మీద లేచింది. గొంతు బాగా తగ్గించి చెప్పింది.

"మాయమ్మకూ ఇట్లే ఉండాది. మాయవ్వకూ ఇట్లే. మా ఇంట్లో ఆడోళ్లను ఒగామె కింద నుంచి పట్టుకోని లాగతాది నర్సమ్మా. నీళ్లు మోసేటప్పుడు లాగతాది. మోపు ఎత్తితే లాగతాది. దగ్గితే ఇంకా గట్టిగా లాగతాది. లాగేది నాకు తెలస్తాది."

ఇప్పుడు తలుచుకుంటే, ఏ బరువుకు, ఏ దగ్గుకు ఆ జబ్బు ముదురుతుందో ఆ పిల్ల ఒక్క తప్పు లేకుండా చెప్పింది. నేను విన్నది దయ్యం కథ మాత్రమే.

"దయ్యం పేరు చెప్పి తప్పించుకోవద్దు. ఇది బిడ్డను కన్న గర్భం" అన్నాను, కొంచెం గట్టిగానే.

తెర అవతల పాపక్క తమలపాకు నములుతున్న చప్పుడు ఆగిపోయింది.

డాక్టరమ్మ వచ్చి చూసేదాకా అని ఆ పిల్లకు వార్డులో మంచం ఇచ్చి, నేను పని దిగి ఇంటికి పోయాను. మరుసటి పొద్దున డాక్టరమ్మ వచ్చి అంతా విని, ఒక్కటే అడిగింది. "మూతి ఎట్లా ఉండింది? గుండ్రంగానా, అడ్డంగా చీలినట్టా?"

కళ్లు మూసుకుంటే కనిపించింది. "గుండ్రంగా. చిన్న చుక్కలాగా."

"బిడ్డ వచ్చిన దారి మళ్లీ అట్లా గుండ్రంగా అవ్వదు. నీ కళ్ల ముందే ఉండింది కదా" అంది.

వార్డులోకి పోయేసరికి మంచం ఖాళీ. దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది. నిన్న సాయంత్రమే వెళ్లిపోయారని పక్క మంచం ఆమె చెప్పింది. అత్త ముందు, కోడలు పది అడుగుల వెనక. కోడలు వాకిలి దాటేదాకా ఏదో చెబుతూనే ఉందట. అత్త ఒక్కసారీ వెనక్కి తిరగలేదట.

"నువ్వన్న మాట నువ్వే పోయి వెనక్కి తెచ్చుకో" అంది డాక్టరమ్మ.

వెంటనే పోలేదు. వార్డు నిండా జ్వరాలవాళ్లున్నారని వాయిదా వేశాను. అసలు సంగతి సిగ్గు. అట్లా రెండు వారాలు దాటిపోయాయి.

ఆ ఇల్లు

పెట్రోలు కరువుతో అప్పుడు బస్సులు బొగ్గు పొగతో నడిచేవి. మిట్ట వస్తే అందరం దిగి నడవాలి. దగ్గరని ముందు అక్కులమ్మ పుట్టింటికే బయల్దేరి, పుంగనూరులో దిగి ఎద్దుల బండి ఎక్కాను. బండిలో గాజులమ్మే బీబమ్మ ఉంది, పల్లెలకు గాజుల మలారం మూట తీసుకుని పోతోంది. నేను ఎవరింటికి పోతున్నానో చెప్పగానే వక్క కొరుకుతున్నది ఆపేసింది.

"ఆ ఇంటికా? ఆడ ఆడోళ్లు ఎవురూ కూసోరమ్మా. గాజులు తొడగాలంటే నేను గూడా నిలబడే తొడగాల. ఎంత చిన్న గాజైనా నొప్పి లేకుండా ఎక్కతాది. చెయ్యి నా చేతిలో గుడ్డ మాదిరి మడతపడతాది. యా అల్లా, ఎముకల్లేని చేతులు!"

మిట్టమధ్యాహ్నం ఊరి చివర మిద్దె ముందు దిగాను. వాకిట్లో ఎండ తెల్లగా కాస్తోంది. కోడి కూడా కదలడం లేదు. గడపకు ఆనుకుని అక్కులమ్మ తల్లి మునెమ్మ నిలబడి ఉంది. లోపల గోడకు ఆనుకుని అవ్వ. ఇంట్లో చాప లేదు, పీట లేదు, మంచం ఎత్తి గోడకు చేర్చి ఉంది. మనిషి కూర్చునేదేదీ ఆ ఇంట్లో లేదు.

అవ్వ కళ్లకు పొరలు కమ్మాయి. నా వైపు చెవి పెట్టి అంది. "ఎవురది? అడుగు గట్టిగా పడతాంది. లోపల అన్నీ ఉండే చోట ఉండే మనిషి నడక."

నేను ఎవరో, ఏం తప్పు చేశానో చెప్పాను. మునెమ్మ ఏడవలేదు, తిట్టలేదు. అవ్వే మాట్లాడింది. ఆ ఇంట్లో మూడు తరాలుగా ఆడపిల్లలే. ప్రతిసారీ అల్లుణ్ణి ఇల్లటం తెచ్చుకున్నారు. అక్కులమ్మ ఒక్కతే బయటి ఊరికి పోయింది.

"నన్ను కన్న తల్లి, నా వెనక కాన్పులో పోయింది" అంది అవ్వ. "బిడ్డ బయటికి రాలే. కడుపులో బిడ్డతోనే పూడ్సిపెట్నారు. ఆమెకు ఆ బిడ్డ కావాల. మా లోపల చెయ్యి పెట్టి యెతకతా ఉంటాది. అంతేగానీ ఆమెకు మా మీద కోపం లేదమ్మా."

వెనకింట్లో ఆ పోయినామె కోసం ఒక చీర పెట్టి ఉంచారు. చూస్తానన్నాను. కిటికీ లేని గది. ఎండలో నుంచి వచ్చిన కళ్లకు కొంతసేపు ఏమీ తెలియలేదు. తర్వాత చెక్క మీద మడత పెట్టిన ఎర్రచీర, దాని మీద రెండు నల్లగాజులు కనిపించాయి. మనసులో ప్రార్థన చెప్పుకుంటూ వంగి చూశాను. అప్పుడు నా చీర చెంగును ఎవరో కిందికి లాగారు. గట్టిగా కాదు. పాలు కావాలని చంటిబిడ్డ లాగినట్టు, రెండుసార్లు. తిరిగి చూస్తే పేడతో నున్నగా అలికిన నేల. చెంగు తగులుకోవడానికి మేకు కూడా లేదు.

అదేమిటో నాకు ఈనాటికీ తెలియదు. తెలియనిదాన్ని తెలియదనే రాస్తున్నాను.

బయటికి వచ్చి వాళ్ల చేతులు చూపించమన్నాను. మునెమ్మ బొటనవేలు వంచితే ముంజేతికి తగిలింది. అవ్వకూ అంతే. "మాయమ్మ చేతులూ ఇంతే అనేవాళ్లు" అంది అవ్వ. కొందరి ఒంట్లో కీళ్లను పట్టే పట్టీలు పుట్టుకతోనే వదులుగా ఉంటాయనీ, అది తల్లి నుంచి బిడ్డకు రావచ్చుననీ, అట్లాంటివాళ్లకు కాన్పు లేకుండానే, నీళ్ల బిందెలకూ తగ్గని దగ్గుకూ గర్భసంచి జారవచ్చుననీ డాక్టరమ్మ తర్వాత విడమరిచి చెప్పింది. ఆ మధ్యాహ్నం నాకు తెలిసింది ఒక్కటే. అక్కులమ్మ అబద్ధం చెప్పలేదు.

"ఇప్పుడు యాడుండాది మీ పిల్ల?" అని అడిగాను.

"ఆ పొద్దే వాళ్లత్త కుప్పం పిల్చుకోని పోయిందమ్మా" అంది మునెమ్మ. "ఆ దిక్కు నుంచి వచ్చినోళ్లను అడిగితే 'బతికే ఉండాది' అంటారు. ఇంకేం అడిగినా తల తిప్పుకుంటారు."

మునెమ్మ నడుముకు చీర బిగించి కట్టుకుని నాతో బయల్దేరింది.

ఎవరూ లేరన్న చోట

పలమనేరు మీదుగా బస్సులు మారి మరుసటి రోజు మధ్యాహ్నానికి కుప్పం చేరాం. అక్కడి నుంచి పల్లెకు రెండు మైళ్లు. పాపక్క వాకిట్లో రాగులు చెరుగుతోంది. అక్కులమ్మ మొగుడు చిన్నప్ప ఇంటి పంచలో తాడు పేనుతున్నాడు. వాకిలికి అవతల పశువుల కొట్టం దగ్గర, స్తంభం పక్కన, అక్కులమ్మ నిలబడి ఉంది.

"ఎవురు కావాలమ్మా?" అంది పాపక్క చేట ఆపకుండా.

"మీ కోడలు అక్కులమ్మ."

"ఆ పేరుతో ఈడ ఎవురూ లేరు."

ఇరవై అడుగుల దూరంలో ఆ పిల్ల కనిపిస్తూనే ఉంది. పక్కింటామె నిప్పుకని వచ్చింది. ఆమె చూపు కొట్టం మీదుగా పోయింది, ఆ పిల్ల మీద ఆగలేదు. పిల్లలు పరుగెత్తుతూ వచ్చి, రాయి అడ్డం ఉంటే తప్పుకున్నట్టు ఆమెను తప్పుకుని పోయారు. కొట్టం ముందు బండ మీద ఆకులో సంకటి ముద్ద ఉంది. రోజూ అట్లా పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేస్తారని తర్వాత తెలిసింది, పోయినవాళ్లకు పెట్టినట్టు. ఎవరూ కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. రెండు వారాలకు పైగా ఆ పిల్లతో ఊళ్లో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.

"అక్కులూ!" అని పిలిచింది మునెమ్మ. ఆ పిల్ల కదలలేదు.

ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, ఆమె కనిపించేది మా ఇద్దరికేనా అని. పోయి మణికట్టు పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. నాడి కొట్టుకుంటోంది. కళ్లు మాత్రం నన్ను దాటి ఎటో చూస్తున్నాయి.

వాకిట్లోకి తిరిగి వచ్చి, అందరికీ వినపడేట్టు చెప్పాను. "నేను తప్పు చెప్పినాను. ఈ పిల్ల బిడ్డను కనలేదు. నేను సరిగ్గా చూడకుండా మాట జారినాను."

పాపక్క చేట కింద పెట్టింది. "ఆ పొద్దు చెప్పిందీ నువ్వే. ఈ పొద్దు చెప్పేదీ నువ్వే. ఒగే నోటితో రెండు చెప్తే నేను ఏది నమ్మాల?"

న్యాయమైన ప్రశ్న.

"నన్ను నమ్మొద్దు. మీ ఊరి మంత్రసానిని పిలిపించండి" అన్నాను.

నాగక్క వచ్చింది. నడుము వంగిన ముసలామె. ఆ ఊళ్లో సగం మందిని బయటికి తీసిన చేతులు. నేనేమీ చెప్పలేదు, చూడమన్నానంతే. నేనూ మునెమ్మా కొట్టంలో చీర అడ్డం పట్టుకున్నాం. ఆమె కళ్లు మూసుకుని వేలి కొనతో తడిమి చూసింది. బయటికి వచ్చి చేతులు కడుక్కుంటూ చెప్పింది.

"ఈ దారిన బిడ్డ రాలేదు పాపక్కా. నా చేతికి తెలీదా? కననోళ్లకు ఉండే మాదిరే ఉండాది. ఊరికే జారిండాది, పాపం. యాల ఈ పిల్లనిట్లా చేస్తిరి?"

నేను కళ్లతో చూసి పట్టుకోలేనిది ఆమె కళ్లు మూసుకుని చెప్పింది. మంత్రసానులను వెక్కిరించే నర్సులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు చేసే చెడు నాకూ తెలుసు. ఆ రోజు నా తప్పు దిద్దింది మాత్రం ఒక మంత్రసానే.

చిన్నప్ప చేతిలో తాడు ఎప్పుడో జారిపోయింది. ఆఖరికి పాపక్క కొట్టం వైపు తిరిగి, "అక్కులమ్మా, లోపలికి రా" అంది.

ఎవరినో పిలుస్తున్నారనుకుని ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది.

తర్వాత జరిగింది

ఆమెను మదనపల్లె తీసుకొచ్చాం. డాక్టరమ్మ గర్భసంచిని లోపలికి నెట్టి, అది జారకుండా గట్టి రబ్బరు రింగు అమర్చింది. దాన్ని తీసి కడిగి మళ్లీ పెట్టడానికి మూడు నెలలకోసారి రమ్మంది. ముందు దగ్గు తగ్గించింది. బిందెలు మోయకూడదని, మలబద్ధకం రానీయకూడదని చిన్నప్పను ఎదురుగా నిలబెట్టి చెప్పింది. అప్పటి నుంచి నీళ్లు అతనే మోశాడు. ఊళ్లో నవ్వారట. అయినా మోశాడు. తర్వాత ఆమెకు ఇద్దరు బిడ్డలు పుట్టారు. రెండుసార్లూ కాన్పు మా దగ్గరే. నాగక్కనూ పిలిపించుకున్నాం. దారి తెరుచుకోక ముందు ముక్కనీయకూడదని ఒకసారి చెబితే ఆమెకు చాలింది.

మునెమ్మ కూడా రింగు పెట్టించుకుంది. అవ్వ ఒప్పుకోలేదు. "ఇన్నాళ్లు నాలోనే యెతికింది. నేను గూడా మూసేస్తే మాయమ్మ యాడికి పోవాల?" అంది.

కొత్తవాళ్లకు చెప్పేది ఇదే. ఎన్ని కాన్పులని అడగండి. అక్కడ ఆగవద్దు. ఏం బరువు మోస్తుంది, ఎన్నాళ్లుగా దగ్గుతోంది, దొడ్డికి పోవడానికి ఎంత ముక్కుతోంది, ముట్లుడిగి ఎన్నేళ్లయింది, కని ఎన్ని రోజులకు లేచింది, తల్లికీ అవ్వకూ ఉందా, ఇవన్నీ అడగండి. ఒక్కోసారి ఒకటే కారణం ఉంటుంది, ఎక్కువసార్లు నాలుగు కలిసి లాగుతాయి. ఆమె దయ్యం కథ చెబితే చివరిదాకా వినండి. ఎప్పుడు లాగుతుందో అందులోనే చెబుతుంది. మీరు ఏ మాట అనబోయినా తెర అవతల ఎవరున్నారో ముందు చూసుకోండి.

స్వాతంత్ర్యం వచ్చాక ఒక ఏడాది పాపక్కను అక్కులమ్మే మా దగ్గరికి పిలుచుకొచ్చింది. ఏడు కాన్పులు, జీవితమంతా మోసిన మోపులు. గర్భసంచి పూర్తిగా బయటికి వచ్చేసింది. ఆపరేషన్ చేయాలంది డాక్టరమ్మ. ముందు రోజు నేను దుప్పటి మారుస్తుంటే పాపక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పొద్దు నుంచి ఆ పిల్ల నాతో ఒగ మాట మాట్లాడలేదు నర్సమ్మా. వండి పెడతాది, తలకు పోస్తాది. మాట లేదు. నేను ఆ ఇంట్లో ఉండానో లేనో నాకే తెలీకుండా పోయింది. నువ్వన్నా చెప్పు."

అక్కులమ్మ వరండాలో తడిబట్టలు ఆరేస్తోంది. అడిగాను.

"కోపం కాదు నర్సమ్మా" అంది. "ఆమె పిల్చినప్పుడు లోపలికి పోతిని. పలుకుదామని నోరు తెరిస్తే మాట రాలే. నీతో వస్తాది, ఆయనతో వస్తాది, బిడ్డలతో వస్తాది. ఆమె ముందర రాదు. ఎన్నిసార్లు చూసినానో."

కుప్పం పోయి నా మాట మొత్తం వెనక్కి తెచ్చేసుకున్నానని అన్నేళ్లూ అనుకున్నాను.

మరుసటి పొద్దున పాపక్కను స్ట్రెచర్ మీద తీసుకుపోయేటప్పుడు ఆమె భయంతో వణుకుతోంది. పక్కనే నడుస్తున్న అక్కులమ్మ, ఆపరేషన్ గది వాకిలి దగ్గర, అత్త చేతిని రెండు చేతులతో పట్టుకుంది. వంగి నోరు తెరిచింది. పెదవులు కదిలాయి, మెడ నరాలు బిగిశాయి. అడుగు దూరంలో ఉన్న నాకు ఏ శబ్దమూ వినిపించలేదు.

పాపక్క వణుకు ఆగింది. కోడలి ముఖం చూస్తూ, "వినపడిందిలేమ్మా" అంది.